నాలుగో డౌన్, ఐదు గజాలు

మన ఆస్టిన్ పూర్వ విద్యార్థుల సభ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు సంక్రాంతి నుంచీ వెంటపడుతున్నారు. థీసిస్ కష్టాలు రాయమని ఒకరు, రివర్‌సైడ్ అపార్ట్‌మెంట్ల వంటలు రాయమని ఇంకొకరు. నా థీసిస్ అప్పుడే ఎవరూ చదవలేదు, ఇప్పుడేం చదువుతారు! వంటల మీద సర్వహక్కులూ పెసరట్టు మామవి. కాబట్టి 2005 ఫాల్‌లో మన టెక్సస్ యూనివర్సిటీ ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ గురించీ, తాత గురించీ రాస్తాను.

తాతంటే మన డిపార్ట్‌మెంట్ మెషీన్ షాప్ తాతే. శాంపిల్ కోయించుకోడానికి వెళ్తే ముందు డ్రాయింగ్ చూసేవాడు కాదు, "శనివారం ఆట చూశావా?" అనేవాడు. లేదంటే మన పని ట్రే అడుక్కి పోయేది. మనలో సగం మంది ఫుట్‌బాల్ నేర్చుకున్నది ఆ ట్రే భయంతోనే కదా.

పాఠమంతా గ్రాఫ్ పేపర్ మీదే. గడికో గజం, బంతి బదులు ఓ హెక్స్ నట్టు. గ్రీజు వేలితో నట్టుని జరుపుతూ, "నాలుగు ఛాన్సులు, పది గజాలు. ఒక్కో ఛాన్సూ ఒక డౌన్. దాటితే మళ్ళీ నాలుగు. దాటకపోతే బంతి అవతలివాడిది. అందుకే నాలుగోసారికి చాలామంది బంతిని దూరంగా తన్నేస్తారు. దమ్మున్నవాడు ఆడతాడు" అనేవాడు. "అంటే ఓవర్‌కి నాలుగు బంతులన్నమాట" అన్నాడు మన గ్యాంగులో గోంగూర. తాతకి ముక్క అర్థం కాకపోయినా అవునన్నాడు.

ఆ తర్వాత తప్పకుండా 1969 వచ్చేది. డిసెంబర్ 6, ఫెయెట్‌విల్, స్టాండ్స్‌లో ప్రెసిడెంట్ నిక్సన్. చివరి క్వార్టర్ మొదలయ్యేసరికి ఆర్కన్సా 14, మనం సున్నా. తర్వాత మనకి ఎనిమిది పాయింట్లు వచ్చాయి. ఇక నాలుగో డౌన్, మూడు గజాలు. మూడే కావాల్సినచోట కోచ్ డారెల్ రాయల్ పొడుగు పాస్ వెయ్యమన్నాడు. జేమ్స్ స్ట్రీట్ విసిరితే 44 గజాలు వచ్చాయి, 15-14తో మనం గెలిచాం. ఈ కథ మనందరికీ నోటికొచ్చు. అయినా తాత 'నిక్సన్' అనగానే కొత్తగా వింటున్నట్టు మొహం పెట్టేవాళ్ళం, ట్రే గుర్తుంచుకుని.

ఆ ఏడు ఆయన జోరే వేరు. రెండో ఆటకే కొలంబస్ వెళ్ళి ఒహాయో స్టేట్‌ని 25-22తో కొట్టాం. వరసగా ఐదేళ్ళు ఓడించిన ఓక్లహోమాని డల్లాస్‌లో 45-12తో చితక్కొట్టాం. తాత ఆ పేరు పలికేవాడు కాదు, "నదికి అవతలివాళ్ళు" అనేవాడు. ఆ సోమవారం షాప్‌లో డోనట్లు పంచాడు. ఓక్లహోమా స్టేట్ మీద సగం ఆటకి 28-12తో వెనకబడితే, మన ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ మొత్తం 267 గజాలు పరిగెత్తి గట్టెక్కించాడు. హ్యూస్టన్‌లో కొలరాడో మీద 70-3. పెసరట్టు మామ దాన్ని బాస్కెట్‌బాల్ స్కోరనుకున్నాడు.

ఇక 2006 జనవరి 4, రోజ్ బౌల్, అంటే ఆ ఏటి జాతీయ చాంపియన్ ఎవరో తేల్చే ఆట. టికెట్ డబ్బులున్నవాళ్ళు ఇండియా వెళ్ళారు, లేనివాళ్ళం గోంగూర అపార్ట్‌మెంట్‌లో పోగయ్యాం. డంప్‌స్టర్ పక్కన దొరికిన ఆ టీవీకి యాంటెన్నా ఎవరో ఒకరు పట్టుకుంటేనే బొమ్మ. రెండో సగంలో ఆ డ్యూటీ నాది. అవతల వరసగా 34 ఆటలు గెలిచిన యూఎస్‌సీ (సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీ), అందులో లైనార్ట్, బుష్ అని ఇద్దరు హైస్మన్ వీరులు, అంటే కాలేజీ ఆటగాళ్ళలో ఏటా అత్యుత్తముడికిచ్చే ట్రోఫీ అందుకున్నవాళ్ళు. ఆరున్నర నిమిషాల పైచిలుకు మిగిలుండగా 38-26. బిర్యానీ గిన్నె మూత పెట్టేశారు ఎవరో. విన్స్ పరిగెత్తి 38-33 చేశాడు. తర్వాత యూఎస్‌సీకి నాలుగో డౌన్, రెండు గజాలు. తన్నలేదు, ఆడారు. మనవాళ్ళు ఆపేశారు! తాత లెక్కన వాళ్ళకీ దమ్ముంది మరి.

చివరికి మన వంతు, నాలుగో డౌన్, ఐదు గజాలు. బొమ్మ వణికింది. "కదిలావో చంపేస్తా!" అని గోంగూర అరుపు. టీవీ వెనక గోడకి అతుక్కుని మీ మొహాలు చూస్తూ నిలబడ్డాను. అందరి కళ్ళూ కుడి మూలకి పరిగెత్తాయి. ఎవడో చట్నీ తన్నేశాడు. విన్స్ బంతితో చివరి గీత దాటాడని, టచ్‌డౌన్ అని దాంతోనే తెలిసింది. ఇంకా 19 సెకన్లు. 41-38. గ్వాడలూప్ వీధిలో తెల్లారేదాకా హారన్లు.

సెలవులయ్యాక తాత నాకు శాంపిల్ వెంటనే కోసిచ్చాడు. నిక్సన్ ఊసే ఎత్తలేదు.

తర్వాత థీసిస్ డిఫెన్సు, హెచ్-1, పెళ్ళి, పిల్లలు. వీటికి ఒక వాక్యం చాలు. ఇప్పుడు హ్యూస్టన్‌లో వాల్వులు డిజైన్ చేసే గ్రూపు చూస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు తెరమీద అందమైన డ్రాయింగ్ చూపిస్తే, "షాప్‌కి వెళ్ళి, దీన్ని కొయ్యగలరేమో కనుక్కుని రా" అంటాను. ఆ గ్రూపు గీసినవాటిలో షాప్ నుంచి తిరిగొచ్చేవి చాలా తక్కువని మా మేనేజర్ పెద్ద మీటింగుల్లో చెప్తుంటాడు. పెద్దమ్మాయి ఈ ఫాల్‌లో మన డిపార్ట్‌మెంట్‌లోనే చేరుతోంది.

కమిటీకి ఒక్క మనవి. సభ శనివారం సాయంత్రం అని ఆహ్వానంలో వేశారు. ఆ రోజు స్టేడియంలో ఆట ఉంది, చూసుకోలేదా? ఉపన్యాసాలన్నీ శుక్రవారం రాత్రే కానిచ్చేయండి. ప్రెసిడెంటుగారిది ముందు పెట్టండి, లేకపోతే అదీ శనివారం దాకా సాగుతుంది.