కృత్రిమ భుజం కింద ఎముక విరిగితే

భుజం కీలు మార్పిడి చేయించుకున్న వ్యక్తి కొన్నేళ్ల తర్వాత జారిపడి దండ ఎముక విరిగితే, వెంట వచ్చినవారు మొదట అడిగేది "ప్లేటు వేస్తారా, కట్టు సరిపోతుందా?" అని. ఎముకల డాక్టరుగా ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. ఎముక బోలులో దించిన లోహపు కాడ, అంటే స్టెమ్, ఇప్పటికీ గట్టిగా పట్టుకుని ఉందా, వదులైపోయిందా అన్నది తేలితే తప్ప చికిత్స దారి తేలదు.

ఇలాంటప్పుడు ఎముక తరచుగా స్టెమ్ కొన దగ్గరే విరుగుతుంది. పైభాగం లోహంతో బిర్రుగా ఉంటుంది, కింది ఎముక కాస్త వంగగలదు. పడినప్పుడు ఒత్తిడంతా ఆ రెండూ కలిసే చోట పడుతుంది. బోలు ఎముకల వ్యాధి, కీళ్లవాతం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. రైట్, కాఫీల్డ్ అనే ఎముకల డాక్టర్లు 1995లో ఈ విరుపులను మూడు రకాలుగా విభజించారు: కొన దగ్గర మొదలై పైకి పాకేది ఎ, కొన దగ్గరే ఉండేది లేదా అక్కడి నుంచి కిందికి సాగేది బి, కొనకు పూర్తిగా దిగువన ఉండేది సి. ఈ విభజన ఎక్కడ విరిగిందో చెబుతుంది గాని, స్టెమ్ వదులైందో లేదో చెప్పదు. అందుకే పాత ఎక్స్‌రేలు తెమ్మని పట్టుబడతాను. స్టెమ్ చుట్టూ నల్లని గీత అప్పటికే ఉందా, స్టెమ్ కిందికి దిగిందా, పడకముందే భుజం నొప్పి పెట్టేదా అన్నవన్నీ చూడాలి.

స్టెమ్ గట్టిగా ఉండి, ఎముక వరుస తప్పకపోతే, ముఖ్యంగా సి రకంలో, బ్రేస్‌తో, అంటే చేతి చుట్టూ బిగించే ఆధారంతో, నయమయ్యేవి ఉన్నాయి. వరుస తప్పినా, బ్రేస్‌లో అతుక్కోకపోయినా ప్లేటు వేయాలి. అయితే ఎముక బోలును స్టెమ్ ఆక్రమించి ఉంటుంది కనుక పైభాగంలో స్క్రూ అవతలి గోడ దాకా వెళ్లడం కష్టం. అందువల్ల అక్కడ ఒక గోడనే పట్టుకుని తల ప్లేటులోనే బిగుసుకునే పొట్టి లాకింగ్ స్క్రూలు, ఎముక చుట్టూ తిప్పి బిగించే కేబుళ్లు వాడతాం. కింద మామూలుగా రెండు గోడల్లోనూ స్క్రూలు పట్టిస్తాం.

ఈ శస్త్రచికిత్సలో నన్ను అన్నిటికంటే జాగ్రత్తపడేలా చేసేది రేడియల్ నరం. అది దండ ఎముక వెనుక భాగాన్ని ఆనుకుని చుట్టి వస్తుంది. ఆపరేషన్‌కు ముందే మణికట్టును, వేళ్లను పైకి ఎత్తమని చెప్పి, ఎంతవరకు ఎత్తగలిగారో రాసి ఉంచుకోవాలి. కేబుల్ తిప్పే ముందు నరాన్ని కళ్లతో చూసి పక్కకు తప్పించాలి, లేకపోతే అది కేబుల్ కింద నలిగిపోతుంది.

స్టెమ్ వదులైతే మాత్రం ఎంత మంచి ప్లేటు వేసినా కదలిక, నొప్పి మిగిలే ఉంటాయి. దాన్ని తీసి, విరిగిన చోటును దాటి కనీసం ఎముక మందానికి రెండింతల దూరం దిగే పొడవైన స్టెమ్ అమర్చాలి. స్టెమ్‌ను ఎముకకు పట్టించే సిమెంటు వాడితే అది విరిగిన అంచుల మధ్యకు కారకూడదు. కారితే ఎముక అతకదు, దాని వేడి నరానికీ చేటు. ఎముక మరీ పలచగా ఉంటే దాత ఎముక పలకను పక్కన ఆనించి కేబుళ్లతో బిగిస్తాం. భుజాన్ని ఎత్తే కండరాల స్నాయువులు పాడైపోయి ఉంటే రివర్స్ భుజానికి, అంటే బంతి, గిన్నె స్థానాలు తారుమారుగా ఉండే కృత్రిమ కీలుకు, మార్చడం గురించి కూడా అప్పుడే ఆలోచించాలి.

వదులైన ప్రతి స్టెమ్ వెనుకా ఇన్ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాల్సిందే. భుజంలో తరచుగా కనిపించే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి జ్వరం, ఎరుపు ఏమీ లేకుండానే లోపల ఉండిపోగలదు. అది నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఆపరేషన్‌లో తీసిన నమూనాల కల్చర్‌ను 14 రోజుల వరకు ఉంచమని ల్యాబ్‌కు ముందే చెప్పాలి.

తర్వాత ఎముక అతికే సూచనలు ఎక్స్‌రేలో కనిపించేదాకా ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, కుర్చీలోంచి లేచేటప్పుడు దాని మీద ఆనుకోకూడదు. మోచేయి, మణికట్టు, వేళ్ల కదలికలు మాత్రం డాక్టరు అనుమతించిన మేరకు త్వరగానే మొదలుపెట్టాలి. ఎముకల సాంద్రత పరీక్ష, దానికి తగిన మందులు కూడా ఈ చికిత్సలో భాగమే. ప్లేటు బిగించి పంపేసి ఆ సంగతి వదిలేయడం నాకు సమ్మతం కాదు.