మొదటి ఫోన్ మంచి మాటకే

పరదేశాల టీచర్లను కొన్నాళ్లు రప్పించుకునే జె-1 వీసా మీద అమెరికా హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్లే మన టీచర్లకు పాఠం చెప్పడం కొత్త కాదు. కనీసం రెండేళ్ల అనుభవం ఉంటేనే ఆ వీసా ఇస్తారు కాబట్టి, క్లాసును పట్టి నిలపడం తెలిసినవాళ్లే వెళ్తారు. చిక్కు వచ్చేది పేరెంట్స్ దగ్గర. మన ఊళ్లలో పేరెంట్స్ మీటింగ్ అంటే ప్రోగ్రెస్ కార్డు, ర్యాంకు, వరుసలో నిలబడ్డ తల్లిదండ్రులు. "మీ చేతుల్లో పెట్టాం సార్, రెండు తగిలించినా ఏమీ అనుకోం" అనే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. టీచరు చెబుతారు, ఇంట్లోవాళ్లు తలూపుతారు. అక్కడ అలా నడవదు. టీచరు అన్న పేరుకే గౌరవం వచ్చి వాలదు. మా పిల్లను ఈవిడ నిజంగా గమనిస్తోంది అని ఇంట్లో నమ్మకం కుదిరాకే వస్తుంది. ఆ నమ్మకం బడి తెరిచిన మొదటి తొమ్మిది వారాల్లో, అంటే మొదటి క్వార్టర్ ముగిసేలోగా కుదరాలి. ఆ తర్వాత చేసే ఏ ఫోనైనా ఫిర్యాదులాగే వినిపిస్తుంది.

ముందు మన ఇంగ్లిష్ సంగతి చూసుకోవాలి. ఇంగ్లిష్ టీచరు రాసిన మెయిలే అర్థం కాకపోతే మిగతాదంతా అక్కడే ఆగిపోతుంది. "యువర్ వార్డ్" అని మొదలుపెడితే, అక్కడి తల్లికి కోర్టు సంరక్షణలో ఉన్న బిడ్డ అనే అర్థం తడుతుంది. "మీ అబ్బాయికి డౌట్స్ ఎక్కువ" అని ఇంగ్లిష్‌లో అంటే వాడు ప్రశ్నలు బాగా అడుగుతాడని కాదు, దేనిమీదా నమ్మకం లేదని. "మగ్గింగ్ అప్" అన్నా బట్టీ పట్టడం గుర్తుకు రాదు, దారిదోపిడీ గుర్తుకొస్తుంది. "పాస్డ్ అవుట్" అంటే చదువు పూర్తయిందని కాదు, స్పృహ తప్పిందని. పదహారేళ్ల కుర్రాణ్ని "నాటీ" అనకూడదు, ఆ మాట చంటిపిల్లలకు. మీటింగ్ తేదీ 10/4 అని వేస్తే వాళ్లు అక్టోబరు 4న వస్తారు, మీ మనసులో ఏప్రిల్ 10 ఉన్నా సరే. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఈ గొడవే ఉండదు. వాయిస్‌మెయిల్‌లో నంబరు చెప్పేటప్పుడు "డబుల్ ఫోర్" అనొద్దు, "ఫోర్, ఫోర్" అనాలి. నంబరు నెమ్మదిగా రెండుసార్లు చెప్పాలి.

రెండోది మార్కుల లెక్క. అరవై దాటితే మనకు ఫస్ట్ క్లాస్. అక్కడ చాలా బడుల్లో 90 పైన ఏ, 80ల్లో బీ, 70ల్లో సీ, 60ల్లో డీ, అంతకు దిగితే ఎఫ్. 72 వచ్చిందని మీరు మెచ్చుకోలుగా చెబితే అవతల తల్లి గుండె గుభేలుమంటుంది. పైగా పవర్‌స్కూల్, ఇన్ఫినిట్ క్యాంపస్ లాంటి గ్రేడ్‌బుక్‌లు ఇంట్లోవాళ్ల ఫోన్లకు కలిపి ఉంటాయి. నాలుగు పనులకు నాలుగు 90లు వచ్చిన అమ్మాయి ఐదోది ఇవ్వలేదనుకోండి. ఖాళీగా వదిలేస్తే సగటు 90. సున్నా వేస్తే 72. ఆ ఒక్క సున్నా రాత్రి పదకొండు గంటలకు కూర్చుని ఎక్కిస్తే, పదకొండూ ఐదుకి కోపంతో మెయిల్ వస్తుంది. సున్నాలు పగలే వేయాలి. పక్కనున్న కామెంట్ గడిలో "ఇవ్వలేదు, శుక్రవారం దాకా తీసుకుంటాను" అని ఒక వాక్యం పెట్టాలి. సగం గొడవలు ఆ గడిలోనే తేలిపోతాయి.

ఇక మొదటి ఫోన్. ఐదు క్లాసులకు ముప్ఫై మంది చొప్పున 150 మంది అనుకుందాం. ఒక్కో ఇంటికి మూడు నిమిషాలు, మొత్తం ఏడున్నర గంటలు. రోజుకు ఐదు ఇళ్లు వేసుకుంటే ముప్ఫై పనిదినాలు, ఆరు వారాల్లో అయిపోతుంది. పేర్ల వరుసలో వెళ్లకండి. గత ఏడాది ఇంగ్లిష్ తప్పినవాళ్లు, క్లాసులో నోరు విప్పనివాళ్లు, ఇల్లు మారి కొత్తగా చేరినవాళ్లు, వీళ్లతో మొదలుపెట్టండి. బాగా చదివే పిల్లల ఇళ్లు నాలుగో వారం దాకా ఆగినా నష్టం లేదు.

బడి నంబరు కనిపించగానే పనిలో ఉన్న తల్లికి కంగారు పుడుతుంది, పిల్లకేమైందోనని. అందుకే పేరు, బడి చెప్పిన వెంటనే రావలసిన మాట "ఎవ్రీథింగ్ ఈజ్ ఓకే". ఆ తర్వాత ఆ పిల్ల రాతలోంచి ఒక్క విషయం. "మీ అమ్మాయి మంచిది, తెలివైనది" అంటే ఏ పిల్ల గురించైనా అనొచ్చు. "మంగళవారం రాసిన పేరాలో వాళ్ల తాతగారి చేతుల గురించి రెండు వాక్యాలు రాసింది, చదివి ఆగిపోయాను" అంటే అది ఆ పిల్ల గురించే. దాని తర్వాత ఒక్క ప్రశ్న: "తన గురించి నేను తెలుసుకోవలసింది ఏమైనా ఉందా?" అని అడిగి ఊరుకోవాలి. ఆ మౌనం కష్టంగా ఉంటుంది, అయినా నింపకూడదు. తండ్రి ఊళ్లో లేడనీ, గట్టిగా చదవమంటే భయపడుతుందనీ, రాత్రి పదకొండు దాకా పనికి వెళ్తుందనీ తెలిసేది అప్పుడే. "అయితే" అంటూ ఒక లోపాన్ని ఈ ఫోన్‌లోనే కలిపేయాలనిపిస్తుంది. దాన్ని మరో రోజుకు ఉంచుకోండి. మంచి మాట వెనకే ఫిర్యాదు వస్తే, మంచి మాట దానికి ముసుగనే అనుకుంటారు.

ఫోన్ ఎత్తేది ఎవరైనా కావచ్చు: అమ్మమ్మ, పెంచుకుంటున్న కుటుంబం, విడిపోయిన తండ్రి. "మిస్టర్ అండ్ మిసెస్" అని ఊహించుకోకుండా, బడి రికార్డులో ఎవరి పేర్లున్నాయో, ఎవరితో మాట్లాడకూడదని కోర్టు కాగితం ఉందో ముందు చూసుకోవాలి. గంటల జీతానికి పనిచేసేవాళ్లు పగలు ఫోన్ ఎత్తలేరు, వాళ్లకు మెసేజే నయం. రిమైండ్, టాకింగ్‌పాయింట్స్ లాంటి యాప్‌లు మెసేజ్‌ను వాళ్ల భాషలోకి మార్చి పంపుతాయి, మీ సొంత నంబరు బయటపడదు. యంత్రం మార్చే మాట కాబట్టి వాక్యాలు పొట్టిగా ఉండాలి, నుడికారాలు వద్దు. స్పానిష్ మాత్రమే వచ్చిన తల్లితో విషయం గట్టిదైతే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు బడులను నడిపే సంస్థ) ఇచ్చే దుబాసీని ఫోన్‌లో కలుపుకోవాలి. పిల్లవాడి చేత మాత్రం తర్జుమా చేయించకండి. తన మీద వచ్చిన ఫిర్యాదును తానే తల్లికి చెప్పే పిల్లవాడు ఏం చెబుతాడో వేరే చెప్పనక్కర్లేదు. అన్నిటికన్నా, ఆ తల్లికి ఆ క్షణంలో కలిగే చిన్నతనం మర్చిపోలేనిది.

కష్టమైన ఫోన్లూ వస్తాయి. ఇప్పుడు ఎక్కువగా వచ్చేది ఏఐ రాసిన ఎస్సే గురించి. పట్టే సాఫ్ట్‌వేర్ చూపించే శాతాన్ని తల్లిదండ్రుల ముందు పెట్టొద్దు, అది తప్పులు చేస్తుంది, వాళ్లు అదే అంటారు. గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ, అంటే ఎప్పుడేం రాశారో చూపే చిట్టా, తెరవండి. రాత్రి 11:42కి తొమ్మిది వందల మాటలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయా, ముందూ వెనకా దిద్దుబాట్లేమీ లేవా, అదే చెప్పండి. ముందు పిల్లవాడితో విడిగా కూర్చుని "ఈ రెండో పేరాలో నువ్వు చెప్పదలచింది నాకు నోటితో చెప్పు" అని అడగాలి. ఆ తర్వాతే ఇంటికి ఫోన్. ఫోన్‌లో "చీటింగ్" అన్న మాట మీ నోట రాకూడదు. చూసింది చెప్పండి, పిల్లవాడు అన్నది చెప్పండి, బడి నియమం చెప్పండి, క్లాసులోనే చేత్తో మళ్లీ రాసే తేదీ చెప్పండి. "మీ అబ్బాయిని కంట్రోల్‌లో పెట్టుకోండి" అన్న వాక్యం అక్కడ ఏ ఇంట్లోనూ పనిచేయదు. "ఇంట్లో ఏ సమయంలో రాస్తాడు, ఎక్కడ కూర్చుంటాడు?" అన్న ప్రశ్న పనిచేస్తుంది.

ఇంగ్లిష్ టీచరుకే ప్రత్యేకంగా వచ్చే బరువు మరొకటుంది. పిల్లలు తమ గురించి రాసేది మన కాగితం మీదే. ఇంట్లో కొడుతున్నారనో, చనిపోవాలనిపిస్తోందనో ఒక పేరాలో కనిపిస్తే వ్యాకరణం దిద్దడం పక్కన పెట్టి అదే రోజు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో హింస జరుగుతోందని సహేతుకంగా అనుమానం వస్తే, పిల్లల సంరక్షణ శాఖకు చెప్పడం ప్రతి రాష్ట్రంలోనూ టీచరుకు చట్టం పెట్టిన బాధ్యత. రుజువు చేయడం మన పని కాదు. ఇలాంటప్పుడు ముందు పేరెంట్స్‌కి ఫోన్ చేసి అడుగుదామనుకోవడం మన దగ్గరి మంచితనమే, కానీ అక్కడ అది పిల్లను మరింత ప్రమాదంలోకి నెట్టొచ్చు.

పాఠంగా పెట్టిన నవల మీద అభ్యంతరం వస్తే వాదనకు దిగకుండా "ఏ పేజీ మీకు ఇబ్బందనిపించింది?" అని అడిగి, డిపార్ట్‌మెంట్ హెడ్‌కు చెప్పి, బడి ఒప్పుకుంటే బదులు పుస్తకం ఇవ్వాలి. వైకల్యమో, నేర్చుకోవడంలో ఇబ్బందో ఉన్న పిల్లలకు బడి రాసిచ్చే ఐఈపీ గానీ 504 ప్లాన్ గానీ ఉన్నవాళ్లకు అదనపు సమయం, ఆడియో పుస్తకం లాంటివి రాసి ఉంటే అవి ఇవ్వడం మీ దయ కాదు, చట్టం. ఆ మీటింగ్‌కు ఆ పిల్ల రాసిన రెండు నమూనాలు, సెప్టెంబరుది ఒకటి, తాజాది ఒకటి తీసుకెళ్లండి. పన్నెండో గ్రేడులో పిల్లలకు పద్దెనిమిది నిండగానే ఫెర్పా అనే విద్యార్థి రికార్డుల గోప్యతా చట్టం కింద రికార్డుల హక్కు పిల్లలకే వెళ్తుంది. ఆ తర్వాత పేరెంట్స్‌కి ఏం చెప్పొచ్చో ఆఫీసులో కనుక్కున్నాకే మాట్లాడాలి.

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో అయితే బడి తెరిచిన కొత్తలో పేరెంట్స్ టీచర్లను కలిసే బ్యాక్ టు స్కూల్ నైట్‌లో ఒక మూల నుంచి "మీరు తెలుగువారాండీ?" అని వినిపిస్తుంది. ఆ సంతోషం నిజమైనదే, తెలుగులో పలకరించండి. గ్రేడుల మాట మాత్రం మిగతా ఇళ్లకు రాసినట్టే ఇంగ్లిష్‌లో, బడి మెయిల్‌లోనే రాయాలి. మన తల్లిదండ్రులు లెక్కలకు, సైన్సుకు ఇచ్చిన శ్రద్ధ ఇంగ్లిష్‌కు ఇవ్వరు. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో వ్యాసం 650 మాటలకు మించకూడదనీ, అందులో పిల్ల తన గొంతుతో రాయాలనీ పదకొండో గ్రేడు వసంతంలోనే చెబితే వాళ్లు ఆ శ్రద్ధ పెడతారు. సిఫార్సు లేఖ అడగవలసింది కూడా అప్పుడే, అక్టోబరు ఆఖర్న కాదు, ఎందుకంటే చాలా కాలేజీల ముందస్తు గడువు నవంబరు 1. "క్లాసులో మా వాడి ర్యాంకెంత, పక్కింటి అమ్మాయికెంత?" అన్న ప్రశ్న వస్తే, రెండో భాగానికి జవాబు ఇవ్వకూడదు. "మీ వాడి రాత సెప్టెంబరులో ఇలా ఉంది, ఇప్పుడిలా ఉంది" అని రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి.

ప్రతి ఫోన్ తర్వాతా రెండు వాక్యాలు రాసి ఉంచుకోవాలి: తేదీ, గంట, ఎవరితో మాట్లాడారు, ఏం ఒప్పుకున్నారు. మే నెలలో పన్నెండో గ్రేడు పిల్ల తప్పే స్థితికి వస్తే ప్రిన్సిపల్ మొదట అడిగేది ఈ చిట్టానే. దానికి మించిన ఉపయోగం ఇంకొకటుంది. "రెండు వారాల్లో మళ్లీ మాట్లాడతాను" అని చెప్పి వదిలేసే ఫోన్లే ఎక్కువ. ఆ తేదీ చిట్టాలో ఉంటే మర్చిపోరు. ఆ రోజు వచ్చేసరికి మార్పేమీ లేకపోయినా ఫోన్ చేయండి. "ఇంకా రెండు పనులు బాకీ ఉన్నాయి, కానీ గురువారం పాఠం అయ్యాక ఆగి ఒక ప్రశ్న అడిగాడు" అని చెప్పండి.