మరి ఇక్కడి జంతువులు ఎప్పుడు పడుకుంటాయి?

డిసెంబర్‌లో వైజాగ్ వచ్చినప్పుడల్లా అమ్మకీ మా పాపకీ మంకీ క్యాప్ దగ్గర గొడవ. అమ్మ తొడుగుతుంది, పాప పీకేస్తుంది. "ఏటే, ఈ పిల్లకి చలెయ్యదా?" అని అమ్మ నన్ను అడుగుతుంది. అమెరికాలో మిన్నెసోటా మంచులో పెరుగుతున్న ఆరేళ్ళ పిల్ల 18 డిగ్రీలు చలికాలమంటే ఎలా నమ్ముతుంది? "ఇది వింటర్ కాదమ్మమ్మా" అంటుంది. ఈసారి దానికి రుజువు కూడా చూపించింది. జూలో ఎలుగుబంటి మెలకువగా ఉందట. వింటరైతే పడుకోవాలి కదా అని.

లంబసింగిలో చలి సున్నా దగ్గరికి పోతుందని నేను వాదించాను. పాప వినలేదు. సరే, ఇది వింటరా కాదా అన్నది పక్కన పెడదామనుకున్నాను. కానీ ఎలుగు చలికి భయపడి పడుకుంటుందన్న మాటని మాత్రం వదిలేయలేకపోయాను. ఈ విషయంలో నాది మొండిపట్టే. చిన్నపిల్లలకి చెప్పే కథల్లో చలి వస్తుంది, జంతువులు పడుకుంటాయి, అంతే. అసలు సంగతి తిండి. అంత బొచ్చు, దాని కింద అంత కొవ్వు ఉన్న ఎలుగుకి చలి పెద్ద లెక్క కాదు. నవంబర్ దాటాక మిన్నెసోటా అడవిలో పళ్ళుండవు, పురుగులుండవు, నేల గడ్డకట్టి తవ్వడానికి రాదు. ఏమీ దొరకని చోట తిరిగితే ఒంట్లో ఉన్న శక్తి కూడా ఖర్చయిపోతుంది. అందుకే అక్కడి నల్ల ఎలుగు వేసవి చివరి నుంచే విపరీతంగా తిని, కొవ్వు పట్టి, గుహలో చేరుతుంది. అక్కడ నెలల తరబడి తినదు, తాగదు, ఒంటికీ రెంటికీ వెళ్ళదు. తల్లి ఎలుగైతే నడిచలికాలంలో అక్కడే ఈని, ఆ కొవ్వు మీదే పిల్లలకి పాలిస్తుంది. జూలో ఏడాదంతా తిండి పెడితే ఇదే ఎలుగు చాలాసార్లు నిద్ర ఊసే ఎత్తదు. పాపకి ఇందులో నచ్చింది ఒకటే. "అన్ని నెలలు బాత్రూమ్‌కే వెళ్ళదా?" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పింది.

మన ఎలుగుకి చెదలు, చీమలు, తేనె, పళ్ళు ఏదో ఒకటి ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. శ్రీకాకుళం వైపు ఉద్దానంలో జీడితోటల్లోకి ఎలుగులు వచ్చేది ఆ తిండి కోసమే. పడుకోవాల్సిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదు.

ఆ నిద్ర మనం పడుకునే నిద్ర లాంటిది కాదని చెప్పడానికి ఒక ఆట ఆడించాను. పిల్లలున్న వాళ్ళు ప్రయత్నించి చూడండి. తాతయ్య మణికట్టు మీద వేలు పెట్టించి నాడి లెక్కపెట్టమన్నాను. తర్వాత గ్రౌండ్‌హాగ్ సంగతి చెప్పాను. అది అమెరికాలో నేలలో బొరియ తవ్వుకుని ఉండే ఉడుత జాతి జంతువు. మెలకువలో నిమిషానికి 80 సార్లు కొట్టుకునే దాని గుండె చలికాలం నిద్రలో 5 సార్లే కొట్టుకుంటుంది. అంటే 12 సెకన్లకి ఒక్కసారి. ఇప్పుడు నువ్వు గ్రౌండ్‌హాగ్ గుండెవి, 12 సెకన్లకి ఒక్క చప్పట్టు కొట్టాలి అన్నాను. మొదటి చప్పట్టు కొట్టి, రెండో దాని కోసం చేతులు ఎత్తి పట్టుకుని గడియారం ముల్లు వంకే చూస్తూ నిలబడింది. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఆగలేక కొట్టేసింది. "చచ్చిపోయిందేమో అనిపిస్తుందమ్మా మధ్యలో" అంది.

బీచ్‌కి వెళ్ళినప్పుడు తాబేళ్ళ మాట వచ్చింది. మిన్నెసోటా చెరువుల్లో పెయింటెడ్ టర్టిల్స్ చలికాలమంతా మంచు కింద నీళ్ళలో ఉండిపోతాయి, పైకొచ్చి ఊపిరి తీసుకోవడమే ఉండదు. ఇక్కడేమో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ చలికాలపు నెలల్లోనే రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్తాయి. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు ఏరి హేచరీల్లో కాపాడతారు. అక్కడి తాబేలు కదలకుండా ఉండే నెలల్లో ఇక్కడి తాబేలుకి చేతినిండా పని. ఇదంతా విని పాప అడిగింది: "మరి ఇక్కడి జంతువులు ఎప్పుడు పడుకుంటాయి? ఎప్పుడూ పనేనా?"

ఎండాకాలంలో, అన్నాను. నీళ్ళు ఇంకిపోయినప్పుడు కప్పలు మట్టిలోకి దిగిపోతాయి, నత్త తన గుల్ల మూతికి పొర కట్టుకుని ముడుచుకుంటుంది. అక్కడ చలికాలంలో తిండి కరువు, ఇక్కడ ఎండాకాలంలో నీటి కరువు. తొలకరి పడ్డ రాత్రి గుంటల దగ్గర బోదురు కప్పలు పసుపు రాసుకున్నట్టు మెరుస్తూ, చెవులు గింగుర్లెత్తేలా అరుస్తాయి. చెప్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది. పాప ముఖంలో మాత్రం ఏమీ లేదు. ఎలా ఉంటుంది? తను ఎప్పుడూ వినలేదు కదా. పిల్లలు ఎండకి తట్టుకోలేరని ప్రతిసారీ డిసెంబర్‌లోనే తీసుకొస్తాం. అందువల్ల మా పిల్లలకి తెలిసిన వైజాగ్ అంటే చల్లగాలి, అరిసెలు, పెళ్ళిళ్ళు. ఎండిపోయి, కాచుకుని, ఒక్క వానకి లేచి కూర్చునే వైజాగ్‌ని వాళ్ళెప్పుడూ చూడలేదు. నాకు మటుకు ఊరంటే అదే.

అప్పట్నుంచి మనసు పీకుతోంది. మంకీ క్యాప్ దగ్గర పాపతో వాదించడంలో అర్థముందా? తన ఒంటికి తెలిసిన చలి వేరు, నా ఒంటికి తెలిసిన చలి వేరు. నా చలికాలాన్ని తను ఒప్పుకోకపోతే నాకెందుకంత బాధ? దీనికి నా దగ్గర జవాబు లేదు.

జూన్‌లో ఒకసారి రావాలని ఉంది. రుతుపవనాలు మామూలుగా ఆ నెల రెండో వారానికి అటూ ఇటూగా ఇక్కడికి చేరతాయి, పాప స్కూలుకీ అప్పటికి సెలవులే. "ఆ ఉక్కపోతలో పిల్లల్ని ఎందుకమ్మా, డిసెంబర్‌లోనే రండి" అంటోంది అమ్మ. మా ఆయనదీ అదే మాట. వాళ్ళు చెప్పేదీ నిజమే. వాన ఆలస్యమైతే పిల్లలు ఎండలు మాత్రమే చూసి వెళ్తారు. నా చిన్నప్పుడు కప్పలు అరిచిన గుంట మీద ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి, ఎక్కడికి తీసుకెళ్ళి వినిపించాలో కూడా వెతుక్కోవాలి. కంబాలకొండ అడవి వైపు కప్పలు ఇంకా ఉన్నాయని తమ్ముడన్నాడు. పాపకి మాటైతే ఇచ్చేశాను, టికెట్లే ఇంకా కొనలేదు.