కానావాకే బడుల్లో ఆట ఎవరి నిర్ణయం?

కెనడాలోని మాంట్రియాల్ నుంచి మెర్సియర్ వంతెన దాటి సెయింట్ లారెన్స్ నది దక్షిణపు ఒడ్డున దిగగానే వచ్చే ఊరు కానావాకే. అది మోహాక్ ఆదివాసులది. రెండేళ్లపాటు ఆ వంతెన మీదుగానే ఉద్యోగానికి వెళ్లివచ్చినా, ఆ ఊరి బడుల గురించి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది మాత్రం మా నాన్నగారికి షుగరు ముదిరి కాలి వేలు తీసేయవలసి వచ్చిన తర్వాతనే.

1980లలో ఆ ఊరి ఆసుపత్రి వైద్యులు ఆన్ మకాలే, లూయీ మాంటూర్ లెక్క తీసినప్పుడు, 45 నుంచి 64 ఏళ్ల మధ్య వయసువారిలో 12 శాతం మందికి టైప్ 2 మధుమేహం ఉన్నట్టు తేలింది. సాధారణ జనాభాలో ఉన్నదానికి అది రెండింతలు. ఆ లెక్కలను వారు ఊరివారి ముందు పెట్టగా, పెద్దలు రాబోయే తరాలకు ఈ జబ్బు రాకుండా ఏదైనా చేయమని కోరారు. అలా 1994లో పాఠశాలల మధుమేహ నివారణ ప్రాజెక్టు మొదలైంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ప్రాజెక్టు ఆరంభ దశలోనే రాసుకున్న పరిశోధన నియమావళి. సేకరించిన సమాచారం ఊరిదే. ఫలితాలు ముందుగా ఊరివారికే తెలియాలి. పరిశోధకులు చెప్పిన అర్థంతో ఊరు ఏకీభవించకపోతే, ఆ భిన్నాభిప్రాయాన్ని కూడా ప్రచురణలో చేర్చవలసిందే. ఆదివాసుల ఊళ్లకు వచ్చి, కొలతలు తీసుకుని, మళ్లీ ముఖం చూపించని పరిశోధనలు ఎన్నో జరిగిన దేశంలో ఈ షరతుకు విశ్వవిద్యాలయాలవారు తలొగ్గడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. ఊరి సలహా మండలిలో ఆరోగ్యం, విద్య, క్రీడలు వంటి రంగాలవారు స్వచ్ఛందంగా కూర్చుని పనిని నడిపించారు.

మొదట ఒకటి నుంచి ఆరో తరగతి వరకు పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పారు, బడిలో తిండికి సంబంధించిన నియమాలను పటిష్ఠం చేశారు, ఊళ్లో నడక దారి వేయించారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే, చర్మం కింది కొవ్వు కొలతలో తొలినాళ్లలో కొంత మెరుగుదల కనిపించినా, బరువులో గానీ, పిల్లల కదలికలో గానీ, దేహదారుఢ్యంలో గానీ ఆశించిన మార్పు రాలేదు. ఆ సంగతిని వారు దాచకుండా ప్రచురించారు.

బడిలో శారీరక శ్రమకు ప్రత్యేకంగా ఒక విధానం రాసుకోవడం ఆ తర్వాతి కాలపు పని. పాఠం అనేది చెప్పే టీచరు ఉత్సాహం మీద ఆధారపడుతుంది, ఆ టీచరు బదిలీ అయితే ఆగిపోతుంది. విధానం అలా కాక, టైంటేబుల్లో నిమిషాలను నిర్ణయించి వాటిని ఎవరూ లాక్కోకుండా చూస్తుంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది గానీ, ఆ నిమిషాలు ఏ పీరియడ్ నుంచి వస్తాయో, మంచు కురిసే నెలల్లో పిల్లలు ఎక్కడ ఆడతారో జెనీవాలో కూర్చున్నవారు చెప్పలేరు. అది ఆ బడిని నడిపేవారికే తెలుసు. అందుకే కానావాకేలో బడివారూ ఊరివారూ పరిశోధకులూ కలిసి కూర్చుని ఆ విధానాన్ని తయారుచేశారు. ఇలాంటి పని నెమ్మదిగా సాగుతుంది. అమలు చేయవలసినవారే రాయడంలో పాలుపంచుకుంటున్నప్పుడు ఆ ఆలస్యం వృథా కాదని నేను నమ్ముతున్నాను.

నేను చదివిన బడిలో వారానికి రెండు డ్రిల్లు పీరియడ్లు ఉండేవి. పదో తరగతికి వచ్చేసరికి రెండూ లెక్కల మాస్టారివి అయిపోయాయి. ఎవరూ అడగలేదు, అడగవచ్చునని మా ఇళ్లలో ఎవరికీ తోచనూ లేదు. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటుంది, బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంటుంది. అంటే కానావాకేవారు కష్టపడి ఏర్పరచుకున్న చోటు మనకు కాగితం మీద ఇప్పటికే ఉంది.

మా వదిన ఊళ్లో అలాంటి కమిటీలో సభ్యురాలు. పోయిన ఆదివారం ఫోనులో ఈ సంగతులన్నీ చెబితే, చివరిదాకా విని, "ఆటల పీరియడ్ నిజంగా ఎన్నిసార్లు జరిగిందో ముందు నెల రోజులు రాసి చూస్తాను, తర్వాత మాట్లాడదాం" అంది.