మూత రాని క్యారేజీ

ఇక్కడ కోనసీమలో, మా ఊళ్లో బళ్లు తెరిచి వారమైంది. డాలస్‌లో మా పిల్లకి ఆగస్టు దాకా సెలవులే కాబట్టి, పొద్దున్నే లేచి మామ్మ వెనకాలే తిరుగుతోంది. మా అన్నయ్య కొడుకు బడి బస్సు ఏడున్నరకి వీధి చివరికొస్తుంది. ఈలోగా అమ్మ వాడికి క్యారేజీ కట్టేయాలి.

నేను అరుగు మీద కాఫీ తాగుతూ చూస్తున్నాను. వేడన్నాన్ని పప్పుగుత్తితో మెత్తగా మెదిపి, పెరుగు కాకుండా పాలు పోసింది. గోరువెచ్చగా అయ్యాక ఒకే ఒక్క చెంచాడు పెరుగు, ఉప్పు. మధ్యాహ్నానికి గిన్నెలోనే తోడుకుంటుంది, పులవదు. ముందే పెరుగంతా కలిపేస్తే ఈ ఉక్కకి పన్నెండయ్యేసరికి నోట్లో పెట్టలేం. పైన అల్లం, కరివేపాకు పోపు. అడుగు గిన్నెలో అది, పై గిన్నెలో బెండకాయ వేపుడు. అంతా కలిపి పావుగంట. నేను పదో తరగతి దాకా తిన్నదీ ఇదే.

డాలస్‌లో క్యారేజీ కట్టేది నేను. మా ఆవిడ డ్యూటీకి ఆరింటికే వెళ్లిపోతుంది. పిల్ల కిండర్‌గార్టెన్‌లో చేరిన కొత్తలో వేడిగా ఉండాలని ఫ్లాస్కు డబ్బాలో పప్పన్నం, నెయ్యి వేసి పంపాను. సాయంత్రం డబ్బా నిండుగానే తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. అడిగితే "ఆకలెయ్యలేదు" అంది. నాకు అర్థమైపోయిందనుకున్నాను. పక్క పిల్లలు ఏదో అనుంటారు, అప్పుడే మన తిండంటే నామోషీ పట్టుకుంది. ఆ రాత్రి ఐదేళ్ల పిల్లని కూర్చోబెట్టి అరగంట చెప్పాను: గోదావరి, ధవళేశ్వరం, కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేయడం, ఆ కాలువ నీళ్లతో మన పొలాలు పండటం, అందుకే మనం మూడుపూటలా అన్నం తినడం. అది ఆవలించింది.

ఓడిపోయినవాడిలా మరుసటి రోజు అదే డబ్బాలో పాస్తా పెట్టాను. అదీ తిరిగొచ్చింది! అక్కడైనా నాకు అనుమానం రావాలి కదా. రాలేదు. ఆదివారం వీడియో కాల్‌లో గోడు వెళ్లబోసుకుంటే అమ్మ అంతా విని, "ఒరే, ఆ మూత తియ్యడం దానికి వస్తోందా లేదా చూశావా?" అంది.

చూడలేదు. వేడివేడిగా వేసి గట్టిగా బిగిస్తే, లోపలి ఆవిరి చల్లారి మూతని లోపలికి లాగి పట్టేస్తుంది. నాకే రెండు చేతులూ పెట్టి తిప్పాల్సొచ్చింది. మరి టీచరమ్మని అడగొచ్చుగా అంటే, చెయ్యెత్తాలంటే మొహమాటమట. ఆ మొహమాటం మాత్రం అచ్చంగా మన గోదావరి సరుకే. వారం రోజులు అది బడిలో పస్తుంటే, నేను ఇంట్లో సంస్కృతి మీద ఉపన్యాసాలిచ్చాను.

కొబ్బరి గొడవ ఇంకోటి. వాళ్ల క్లాసులో వేరుశనగ, జీడిపప్పు లాంటివి తేకూడదు. సరే, పడని పిల్లలకి ప్రాణం మీదకొస్తుంది, అది న్యాయమే. కానీ కొబ్బరన్నం పంపితే, అదీ నట్టేనని చీటీ రాసి పంపారు. కొబ్బరి మార్కెట్టుకి పేరుపడ్డ అంబాజీపేట పక్కన పుట్టినవాడికి ఆ చీటీ ఎలా ఉంటుందో ఊహించుకోండి. తిండి, మందుల సంగతి చూసే వాళ్ల ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన పడని నట్ల జాబితాలో అప్పట్లో కొబ్బరి కూడా ఉండేది, 2025 జనవరిలో తీసేశారు. అయినా ఎవరో ఒక పిల్లకి కొబ్బరి కూడా పడకపోవచ్చు కదా అని మళ్లీ పంపలేదు. కొబ్బరన్నం ఆదివారాలకి మారింది.

ఇప్పుడు నా పద్ధతి వేరు. తినడానికి దానికిచ్చేది ఇరవై అయిదు నిమిషాలు. అందులో నడక, వరస, కబుర్లు పోగా మిగిలేది పదిహేను. అందుకని రెండు ముక్కల్లో నోట్లోకి వెళ్లిపోయేవే చేస్తాను. అరచేయంత అట్లు పోసి, నెయ్యి, కారప్పొడి రాసి చుట్టేస్తాను. ఆదివారం రాత్రి మూకుట్లో దిబ్బరొట్టి వేస్తే సోమ, మంగళవారాలు గడిచిపోతాయి, చల్లారినా బాగుంటుంది. పులిహోరకి పులుసు ముందే ఉడికించి సీసాలో పెట్టుకుంటాను, వేరుశనగ గుళ్ల బదులు శనగపప్పు ఎక్కువ వేస్తాను. అన్నం మాత్రం ఆ పొద్దున వండాల్సిందే, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం రాళ్లలా గట్టిపడుతుంది. ఫ్లాస్కు డబ్బాలో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోస్తే పప్పన్నం మధ్యాహ్నం దాకా వేడిగా ఉంటుంది. ఆవిరి కాస్త పోయాకే మూత. శుక్రవారం బళ్లో పిజ్జా తింటుంది. దాని గురించి నాకే బాధా లేదు.

ఇక్కడ పక్కింటి పిల్ల సర్కారు బడికి ఖాళీ చేతుల్తో వెళ్లడం చూసి మా పిల్ల కంగారుపడింది. భోజనం బళ్లోనే పెడతారని చెప్పాను. ఆ మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మాకు దగ్గర్లోని లంకల గన్నవరంలో, వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా లేచి వండి పెట్టిన ఇల్లాలు. ఇదంతా ఈసారి రెండు వాక్యాల్లో ముగించాను, బుద్ధొచ్చింది కాబట్టి. సాయంత్రం పక్కింటి పిల్ల వచ్చి గుడ్డు పెట్టారని, చిక్కీ ఇచ్చారని చెప్పింది. వేరుశనగ చిక్కీ! బళ్లో! మా పిల్ల నోరెళ్లబెట్టి, "అది అలౌ చేస్తారా?" అని నన్ను మూడుసార్లు అడిగింది.

ఇవాళ తనకీ క్యారేజీ కావాలంది. అమ్మ అటక మీంచి నా పాత స్టీలు క్యారేజీ దింపి, తోమి, అదే పాలు పోసిన అన్నం పెట్టిచ్చింది. మధ్యాహ్నం దాకా ఆగాలని చెప్పినా పదింటికే కాలువగట్టున కొబ్బరిచెట్టు కింద చతికిలబడింది. కాసేపు ఆ పక్క కొక్కెంతో కుస్తీ పట్టింది. నేను లేవబోతుంటే అమ్మ కళ్లతోనే వద్దంది.

కాసేపటికి, అలవాటు కొద్దీ కాబోలు, బళ్లోలాగే చెయ్యి పైకెత్తింది.

"నాన్నా, మూత రావట్లేదు."

అమ్మ లోపల్నించే కేకేసింది. "కొక్కేనికి కొబ్బరినూనె చుక్క వెయ్యరా!"