టార్డెబిగ్‌లో గడప దాటేదాకా

కాలువలో నీటిమట్టం మారే చోట, రెండు వైపులా తలుపులున్న తొట్టిలోకి పడవను తెచ్చి, నీళ్ళు నింపో వదిలో ఎత్తే దించే ఏర్పాటే లాకు. మనకు లాకు అంటే గోదావరి కాలువల మీద ధవళేశ్వరం, లొల్ల. తలుపులు తీయడం, షట్టర్లు ఎత్తడం సిబ్బంది పని. ఇంగ్లండులో పడవ అద్దెకు తీసుకున్నవాళ్ళే ఆ పనంతా చేసుకోవాలి. వూస్టర్-బర్మింగ్‌హామ్ కాలువ మీద టార్డెబిగ్ దగ్గర వరసగా 30 లాకులు, 220 అడుగుల దిగుడు. వేసవిలో స్వచ్ఛందంగా సాయం చేసేవాళ్ళు వస్తారు గానీ మేం దిగిన రోజు వాన, ఒక్కరూ లేరు.

మాది 57 అడుగుల నారోబోటు, అంటే ఇరుకు కాలువల కోసం కట్టిన సన్నటి పడవ. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, లాకు వెడల్పు 7 అడుగులు. గోడకు తగులుతుందని అందరూ భయపడతారు. నిజంగా భయపడాల్సింది వెనకున్న గడపకు.

పై తలుపు కింద నీళ్ళలో మునిగి ఉండే కట్టడాన్ని అక్కడ సిల్ అంటారు, అంటే గడపే. నీళ్ళు దిగుతుంటే అది బయటపడుతుంది. చుక్కాని దాని మీద ఆగిందా, వెనక భాగం పైనే ఉండిపోయి ముందు భాగం మునుగుతుంది. అందుకే గోడ మీద తెల్లగీత వేస్తారు. చుక్కానితో సహా పడవంతా ఆ గీతకు ముందే ఉండాలి. బ్రేకులుండవు, రివర్స్ గేరే దిక్కు. నీళ్ళు వదిలితే పడవ అటూ ఇటూ జరుగుతుంది కనుక టిల్లరు (చుక్కాని తిప్పే కర్ర) పట్టుకున్నవాళ్ళు గీత మీంచి చూపు తిప్పకూడదు. తాడును గుంజకు ముడివేయకూడదు, పడవ దానికే వేలాడుతుంది.

పై తలుపు మూసి, అక్కడి ప్యాడిళ్ళు (నీటిదారిని మూసే పలకలు) పూర్తిగా దించాక, విండ్లాస్ పిడితో (ప్యాడిల్ ఇరుసుకు తగిలించి తిప్పేది) కింది ప్యాడిల్ సగమే ఎత్తాలి. పడవ సాఫీగా దిగుతోందనుకున్నాకే మిగతా సగం. ఎత్తిన ప్యాడిల్ జారకుండా ఆపే కొక్కెం పడగానే పిడి తీసి చేత్తో పట్టుకోవాలి. ఇరుసు మీదే వదిలేస్తే, కొక్కెం జారినప్పుడు గిర్రున తిరిగి ముఖాన తగులుతుంది. వెనక భాగం గడపకు పట్టేస్తే కేక వేసి, ముందు కింది ప్యాడిళ్ళు దించేయాలి. తర్వాతే పైవి నెమ్మదిగా తెరిచి లాకు నింపాలి.

నీటిమట్టాలు సమానమయ్యేదాకా తలుపును ఎంత నెట్టినా కదలదు. బలం వృథా చేసుకోవద్దు. తలుపును తోయడానికి దానికున్న పొడవాటి దూలానికి వీపు ఆనించి నిలబడితే, సమయం వచ్చాక అదే కదులుతుంది.

30 దిగడానికి ఐదు గంటలు పట్టింది. దిగువన స్టోక్‌లో మరో 6 ఉన్నాయి. వాటిని మర్నాటికి వదిలేశాం.