హక్కుల కాగితం లేకుండా ఆరు వారాల రిహార్సల్: నా అనుభవం

నిన్న సాయంత్రం ఏడు గంటలకు మా రిసార్టు థియేటర్లో మొదటి షో పడింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అయినా వేడి చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. వేరేవాళ్ల నాటకం ఆడాలంటే ముందు హక్కులు తీసుకోవాలన్న సంగతులు పది నెలల క్రితం చెప్పేవాళ్లు నాకు ఒక్కరు దొరికి ఉంటే అంత అవమానం పడేదాన్ని కాదు.

నేను హైదరాబాద్ శివార్లలోని ఒక థీమ్ పార్కు రిసార్టులో షోల విభాగం చూస్తాను. పుట్టింది తెనాలిలో. మా తాతయ్య పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. జనం ‘వన్స్ మోర్’ అంటే రాజుగారైనా సరే, చచ్చి పడిపోయినవాడైనా సరే, లేచి పద్యం మళ్లీ పాడాల్సిందే. అలాంటి ఇంట్లో పెరిగాను కాబట్టి పాటతో కథ నడిపించడం నాకు పరాయి విద్య కాదు.

రెండేళ్ల క్రితం ఫ్లోరిడాలో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు డిస్నీ వాళ్ల యానిమల్ కింగ్‌డమ్ పార్కులో ‘ఫైండింగ్ నీమో’ సినిమాలోని చేపపిల్ల కథతో ఆడే మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, చూశాను. పెద్ద పెద్ద బొమ్మలు పట్టుకుని, మనుషులు మనకు కనిపిస్తూనే, వాటిని ఆడిస్తూ పాడతారు. పాతిక నిమిషాలే. బయటికి వచ్చేసరికి నా కళ్లు తడిగా ఉన్నాయి. మన పార్కులో డీజే, రెయిన్ డ్యాన్స్ తప్ప ఏముంది అనిపించింది. తిరిగి వచ్చిన వారంలోనే మా జీఎంగారిని ఒప్పించాను. బాగా పేరున్న ఒక బ్రాడ్‌వే నాటకాన్ని నలభై ఐదు నిమిషాలకు కుదించి, రెండు పాటలు తెలుగులోకి మార్చి, రోజుకు రెండు షోలు ఆడాలని ప్లాన్.

పోలీసు అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ మా అడ్మిన్ వాళ్లు తెచ్చేశారు. ఆడిషన్లు మూడు రోజుల్లో అయిపోయాయి. ఇరవై రెండు మందిని తీసుకున్నాం. వాళ్లలో తొమ్మిది మంది ఉద్యోగాలు మానేసి వచ్చినవాళ్లు.

హక్కుల మాట నేను అడగకపోలేదు. రిసార్టు న్యాయ సలహాదారు రెండు మాటలు చెప్పాడు. ఒకటి, పార్కులో పాటలు వేసుకోవడానికి ఏటా లైసెన్సు కడుతున్నాం కదా, అది చాలు. రెండు, జనం టికెట్ కొనేది పార్కుకి, నాటకానికి కాదు, కాబట్టి ఉచిత ప్రదర్శన కిందికే వస్తుంది, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. ఆయన మాట విని రిహార్సల్ మొదలుపెట్టాను. తర్వాత ఆ చట్టం నేనే తెచ్చుకుని చదివాను. 1957 నాటి చట్టంలో ఆ మినహాయింపు ఇచ్చింది అమెచ్యూర్ క్లబ్బులకు, సొసైటీలకు. అదీ డబ్బు చెల్లించని ప్రేక్షకుల ముందో, మతసంస్థ కోసమో ఆడితేనే. జీతాలిచ్చి నటుల్ని పెట్టుకున్న రిసార్టుకి అది ఎలా వర్తిస్తుంది? ఫీజు తీసుకుని ఒక పేజీ కూడా తిరగేయకుండా సలహా చెప్పేవాళ్లను నేను క్షమించలేను.

పాటల లైసెన్సు సంగతీ అంతే. హోటల్లోనో పార్కులోనో పాట వేసుకునే హక్కు వేరు, పాత్రలు వేషాలు కట్టుకుని కథలో భాగంగా ఆ పాట పాడే హక్కు వేరు. ఈ రెండోదాన్ని అమెరికాలో ‘గ్రాండ్ రైట్స్’ అంటారు. అది పాటల లైసెన్సులు ఇచ్చే సొసైటీలు ఇచ్చేది కాదు, నాటకం హక్కులు చూసే సంస్థ దగ్గరే తీసుకోవాలి. నాటకం మొత్తం వద్దు, నాలుగైదు నాటకాల నుంచి తలో పాట తీసుకుని వేషాలతో ఆడదాం అనుకున్నా అదే చిక్కు. ఇది నాకు తెలిసేసరికి ఆరో వారం రిహార్సల్ నడుస్తోంది.

అప్పుడు న్యూయార్క్‌లోని ఒక లైసెన్సింగ్ సంస్థకు దరఖాస్తు పెట్టాను. ఫారంలో ఎన్ని సీట్లు, ఎన్ని షోలు, నటులకు జీతం ఇస్తారా, సంగీతం లైవా రికార్డింగా అని అడిగారు. అన్నీ రాశాను. ‘టికెట్ ధర’ దగ్గర ఆగిపోయాను. పార్కు టికెట్లో నాటకం వాటా ఎంత? మా అకౌంట్స్ వాళ్లను అడిగితే సున్నా అని రాయమన్నారు. రాయల్టీ లెక్క కట్టేదే దాన్నిబట్టి అని వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. గంట నిడివి ఉన్న చిన్న వెర్షన్ ఒకటి ఉందని కనిపిస్తే అదైనా ఇవ్వండని అడిగాను. అది పిల్లలు నటించడానికి తయారుచేసినదట, మాకు పనికిరాదు.

వారం తర్వాత వీడియో కాల్‌కి పిలిచారు. నేను రిహార్సల్ హాల్లోనే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను, వెనక మా కుర్ర నటీనటులంతా వార్మప్ చేస్తున్నారు. అవతల ఒక పెద్దావిడ. గొంతు పెంచలేదు. స్క్రీన్ మీద మా పోస్టర్ చూపించింది. మా మార్కెటింగ్ మేనేజర్ నాకు మాటమాత్రమైనా చెప్పకుండా ఆన్‌లైన్లో పెట్టేశాడు. ఒప్పందం మీద సంతకాలు కాకముందు ఇది ఎలా ప్రకటించారు అని అడిగింది. రెండున్నర గంటల నాటకాన్ని నలభై ఐదు నిమిషాలకు కోయడానికి ఎవరు ఒప్పుకున్నారు, అనువాదానికి ఎవరిని అడిగారు అంది. నా దగ్గర జవాబు లేదు. వెనక వార్మప్ ఆగిపోయింది. పదమూడేళ్లుగా స్టేజీ నడుపుతున్న దాన్ని, వాళ్లందరి ముందు దొంగలా తల దించుకుని ‘సారీ మేడమ్’ అన్నాను.

కాల్ అయ్యాక ఒకమ్మాయి వచ్చి, “అక్కా, మరి మా సంగతేంటి?” అంది. ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను.

తెల్లవారుజామున ఫ్లోరిడాలో చూసిన షో మళ్లీ గుర్తొచ్చింది. ఆ చేపపిల్ల సినిమా అసలు మ్యూజికల్ కాదు. ఆ పాటలు 2007లో మొదలైన పార్కు షో కోసమే కొత్తగా రాయించినవి. 2022లో దాన్ని ఇంకా కుదించి మళ్లీ మొదలుపెట్టారు. కథ వాళ్లది కాబట్టి కోసుకున్నా, కలుపుకున్నా అడిగేవాళ్లు లేరు. కాలిఫోర్నియాలో అదే కంపెనీ పార్కులో 2003 నుంచి 2016 దాకా ఆడిన అల్లాదీన్ మ్యూజికల్ కూడా వాళ్ల సొంత సరుకే. నేను చూసి వచ్చింది ఇంటివాళ్ల వంట, చేయబోయింది పక్కింటి కుండలో చెయ్యి పెట్టడం.

పొద్దున్నే జీఎంగారి గదికి వెళ్లి, “సార్, మన కథ మనమే రాయించుకుందాం. ఆ ఇరవై రెండు మందినీ తీసేయొద్దు” అన్నాను. ఆయన ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ ఆ గది బయట కూర్చున్నాను.

కథ తోలుబొమ్మలాట ఆడే ఇంట్లో పుట్టి, తెర వెనక నుంచి ముందుకు వచ్చి పాడాలనుకునే ఒక అమ్మాయిది. బొమ్మలు చేయడానికి తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట నుంచి ఇద్దరు వచ్చారు. తెరలు, గాల్లో తేలే సీనూ సురభి నాటకాల్లో పనిచేసిన ఒక పెద్దాయన నేర్పారు. 1885లో కీచకవధతో మొదలైన సంప్రదాయం అది. ఇంత విద్య ఇంటి పక్కనే పెట్టుకుని న్యూయార్క్‌కి దరఖాస్తు పెట్టానే అని బాధ కలిగింది.

రచయితకు, సంగీత దర్శకుడికి ఒప్పందాలు నేనే దగ్గరుండి రాయించాను. షోకి ఇంత రాయల్టీ, వాళ్లను అడగకుండా ఒక్క లైను కూడా తీయకూడదు, వేరే భాషలోకి మార్చాలంటే మళ్లీ సంతకం కావాలి, సంతకాలయ్యేదాకా పోస్టర్ వేయకూడదు. నన్ను నిలదీసిన ఆ పెద్దావిడ ప్రశ్నలే ఆ కాగితాల నిండా ఉన్నాయి. మీరు ఇలాంటి పని మొదలుపెడితే ముందు హక్కుల కాగితం, తర్వాతే ఆడిషన్. మార్కెటింగ్ వాళ్లకు సంతకం కాపీ చూపించేదాకా నాటకం పేరు కూడా చెప్పకండి.

చివరి గొడవ సంగీతం దగ్గర. రికార్డింగ్ ట్రాక్ అయితే ఖర్చు తక్కువని జీఎంగారు పట్టుబట్టారు. కనీసం హార్మోనియం, డోలక్ అయినా లైవ్‌లో ఉండాలని నేను మొండికేశాను. నా మాటే నెగ్గింది.

నిన్న రెండో పాట అవగానే మూడో వరసలో నుంచి ఒక ముసలాయన గట్టిగా “వన్స్ మోర్!” అని అరిచారు. పాడుతున్న అమ్మాయికి ఏం చేయాలో తోచక నిలబడిపోయింది. హార్మోనిస్టు సైడ్ వింగ్‌లో ఉన్న నా వైపు చూశాడు. నేను చెయ్యి ఊపాను. అతను మెట్లు నొక్కాడు, ఆ అమ్మాయి పల్లవి మళ్లీ ఎత్తుకుంది.